మానస చేతుల్లో కోటి సూర్యులు

ప్రసన్నలక్ష్మి బర్మింగ్‌హామ్‌లో డాక్టరు. కాకినాడలో ఆమె చిన్నతనమంతా శ్లోకాలతోనే తెల్లవారేది. ఒక్క ఒత్తు జారినా వాళ్ళ నాన్న మళ్ళీ మొదటి నుంచి చెప్పించేవారు. అందుకే శ్లోకమంటే ఆమెకు పలకడమే. కూతురు మానసకు పుట్టుకతోనే వినపడదు. ఇంటిల్లిపాదీ సైగల భాష నేర్చుకున్నారు గానీ, దేవుడి దగ్గర మాత్రం ప్రసన్న ఒక్కతే పెదవులు కదిపేది. మానస పక్కన నిలబడి చూసేది.

తొమ్మిదో ఏట మానస కబ్ స్కౌట్స్ అనే పిల్లల స్కౌట్ దళంలో చేరింది. ఈతకీ వంటకీ బ్యాడ్జీలు తెచ్చుకుంది. ఆ చలికాలం, తమ మతం గురించి చెప్పిన పిల్లలకిచ్చే బ్యాడ్జి మీద మనసు పడింది. ఒక ప్రార్థన ఎంచుకుని, దాని అర్థం తోటి పిల్లలకు వివరించాలి.

‘‘నువ్వు రోజూ చెప్పేది నాకు నేర్పు’’ అని తల్లికి సైగ చేసింది.

‘‘అది నోటితో చెప్పేదమ్మా’’ అంది ప్రసన్న చేతులతోనే.

‘‘సరే, అందులో ఏముంది?’’

అది ప్రసన్న చిన్నప్పటి నుంచీ తప్పు పోకుండా చెబుతున్న వినాయకుడి శ్లోకం. మాటమాటకీ అర్థం అడిగేసరికి తడుముకోవలసి వచ్చింది.

ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. వంపు తిరిగిన తొండం తేలిగ్గానే వచ్చింది. పెద్ద శరీరానికి మానస బుగ్గలు పూరించి చేతులు బారచాపింది. కోటి సూర్యుల వెలుగు దగ్గర ప్రసన్న ఒక సూర్యుణ్ణి చూపించింది. మానస తల అడ్డంగా ఊపి, గుప్పిళ్ళు తెరుస్తూ, మూస్తూ, తెరుస్తూ గదంతా సూర్యుల్ని నింపింది. ‘విఘ్నం’ దగ్గరే చిక్కొచ్చింది. ప్రసన్న ‘సమస్య’ అనే సైగ చేసింది.

‘‘అది లెక్కల హోంవర్కుకి’’ అని కొట్టిపారేసింది మానస. రెండు అరచేతులూ గోడలా నిలబెట్టి, ఆ గోడను భుజంతో పక్కకు నెట్టేసింది.

నాన్న ఉంటే ఏమనేవారోనని ప్రసన్నకు బెరుకుగానే ఉంది.

కబ్స్ కలుసుకునే చర్చి హాల్లో ప్రసన్న, ‘‘నువ్వు సైగ చెయ్యి, నేను పైకి చెబుతాను’’ అంది.

‘‘వద్దు. నువ్వు కూర్చుని చూడు.’’

మానస ఒక్కతే నిలబడింది. గోల చేసే పిల్లలంతా ముందుకు జరిగి చూశారు. తొండం వంపు తిరిగింది, సూర్యులు పుట్టుకొచ్చారు, గోడ పక్కకు జరిగింది. అయ్యాక, కొద్దిగా సైగలు నేర్చుకున్న లీడర్ డెబ్బీ, ‘‘ఇంకోసారి, నెమ్మదిగా. మేమూ చేస్తాం’’ అని సైగ చేసింది. ఈసారి హాలంతా చేతులు లేచాయి. ఆ వెలుగుల మధ్య మానస తల ఎత్తి నిలబడి, ఎవరి సూర్యులు చిన్నవైతే వాళ్ళను సరిదిద్దింది. చివర్న పిల్లలందరూ చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించారు. వినపడనివాళ్ళకు అవే చప్పట్లు.

డెబ్బీ బ్యాడ్జి మానస చేతిలో పెట్టింది. అంత తప్పుల్లేని శ్లోకం తనెప్పుడూ చెప్పలేదని ప్రసన్నకు అనిపించింది. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

కారులో చీకటి, చేతులు కనపడవు. అందుకని మానస తల్లిని పార్కింగ్‌లో లైటు కిందే ఆపింది.

‘‘నీకు ఇలాంటివి ఇంకెన్ని వచ్చు?’’

‘‘చాలా వచ్చు. అర్థాలే సరిగా తెలియవు.’’

‘‘పర్లేదు, ఇద్దరం కలిసి చూద్దాం’’ అని కారు ఎక్కింది మానస.