తొమ్మిది పెద్దదా, పదకొండు పెద్దదా

లైబ్రరీ నుంచి లినక్స్ పుస్తకం తెచ్చి చదివాక, మా ఇంట్లోని అరచేతంత కంప్యూటర్‌కు నేనే వైద్యుణ్ణి అనుకున్నాను. మా అమ్మాయి దానిమీద పైథాన్‌లో ఒక ఆట రాసింది. ఆ శనివారం లైబ్రరీలో పిల్లలందరి ముందూ దాన్ని ఆడించి చూపాలి.

కంప్యూటర్‌లో పైథాన్ వెర్షన్లు రెండున్నాయి: 3.11, 3.9. వాడుకలో ఉన్నది 3.11. దశాంశాల్లో నాకెప్పుడూ తిరుగులేదు. పిల్ల పాతదానితో అవస్థ పడుతోందని జాలిపడి, పుస్తకంలో చెప్పినట్టే ఇకపై అదే నడిచేలా 3.9ని డిఫాల్ట్ చేశాను.

లైబ్రరీలో ఆట మొదలే కాలేదు. తెరనిండా ఎర్రర్లు. అమ్మాయి ముఖం ఎర్రబడింది.

“నాన్నా, డిడ్ యూ టచ్ ఇట్?”

“కొత్త వెర్షన్ పెట్టానమ్మా. మూడు పాయింట్ తొమ్మిది.”

“దట్స్ ది ఓల్డ్ వన్! నైన్, టెన్, ఇలెవెన్. ఇట్స్ నాట్ డెసిమల్స్, నాన్నా!”

పిల్లలు కిసుక్కుమన్నారు. అమ్మాయి ఒక్క కమాండ్‌తో 3.11ని మళ్లీ డిఫాల్ట్ చేసింది. ఆట కదిలింది. నాకు మాత్రం లెక్క తప్పడం మింగుడుపడలేదు.

“తొమ్మిది పక్కన సున్నా పెట్టి చూడమ్మా, తొంభై అవుతుంది కదా?” అన్నాను, మెల్లగా.

“నాన్నా, ప్లీజ్ సిట్ డౌన్.”

కూర్చున్నాను, ముందు వరుసలోనే.