రెక్కలో జిగురు

సౌదీలోని దమ్మామ్‌లో దిగింది జూన్‌లో, పొద్దున పది దాటాక. నలభై ఆరు డిగ్రీలు. చేతిలో ఒక్క సూట్‌కేసు, అందులో నా సొంత పనిముట్లు. ఇరవై ఏళ్ళు వైమానిక దళంలో విమానాల బాడీ రిపేరు చేసిన నాకు ఇకామాలో, అంటే అక్కడి నివాస పత్రంలో, రాసిన ఉద్యోగం వడ్రంగి. నవ్వొచ్చింది. ఎడారి మధ్యలో ఉన్న షెడ్డులోకి వెళ్ళి చూస్తే నిజంగానే చెక్క పని.

అక్కడున్నది చిన్న రెండింజన్ల విమానం. రెండో ప్రపంచ యుద్ధంలో శిక్షణ కోసం కట్టింది. ఒక ఇంజను మీద ఎగరడం నేర్చినవాళ్ళను బాంబర్లు నడపడానికి తయారుచేసింది ఇలాంటివే. బాంబు వేసింది లేదు, పేరు వచ్చింది లేదు. లోహం యుద్ధానికి కావాలి కనుక వీటి రెక్కలు చెక్కతో చేసి, జిగురుతో అతికి, పైన గుడ్డ కప్పారు. యుద్ధం అయ్యాక చేతులు మారి మారి ఈ ఒక్కటి ఎడారికి చేరింది. మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీలు, దాన్ని కొన్నాడు. ఎగిరించి అతిథులకు చూపించాలని అతని ముచ్చట.

మేం ముగ్గురం. నేను, ఇంజన్ల మెకానిక్, పెయింటర్. మెకానిక్ పాకిస్తానీ, వాళ్ళ వైమానిక దళంలో చేసి వచ్చినవాడు. పెయింటర్ మా జగిత్యాల వైపు మనిషి. డ్యూటీ ఉదయం ఐదు నుంచి పదకొండు, మళ్ళీ మూడు నుంచి ఏడు. ఎవరం ఏ సరిహద్దు దగ్గర పనిచేశామో మెకానిక్, నేను మొదటి వారంలోనే చెప్పుకున్నాం. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొదటి నెలలో రెక్కలు పరీక్షించాను. దళంలో పాత చెక్క గ్లైడర్ల మీద నేర్చిన పద్ధతి ఒకటుంది. చెక్క సుత్తితో రెక్క దూలాన్ని తట్టి చెవి పెట్టి వినడం. మన వానలకు పాడైన చెక్క మొద్దుగా పలుకుతుంది. ఇది ఖంగుమంది. బాగుందని లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాను.

ఏడాది తిరిగేసరికి, సౌదీలను సరిపడా పనిలో పెట్టుకోలేదని, సర్కారు కంపెనీలకు రంగులిచ్చే నితాఖత్‌లో మా కంపెనీ రెడ్‌లో పడింది. ఇకామాలు రెన్యువల్ కావు. విమానం ఎగిరితే ముగ్గురినీ గ్రీన్‌లో ఉన్న తన ఇంకో కంపెనీకి మార్పిస్తానని కఫీలు మాటిచ్చాడు. పైలట్ బయటి నుంచి వస్తాడు. పక్క సీట్లో మెకానిక్ కూర్చోవాలి. సర్వీసంతా విమానాలను పైకి పంపినవాడే గానీ, ముందు సీట్లో ఒక్కసారీ ఎగరలేదు. ఎగిరే తేదీ ఖాయమైన ఆ వారమంతా రోజూ గడ్డం నున్నగా గీసుకుని వచ్చాడు.

ఆ తేదీకి ఇంకా మూడు రోజులుందనగా ఎడమ రెక్క కింద గుడ్డ చిరిగి కనిపించింది. మాసిక వేద్దామని కోసి లోపలికి చూశాను. చెక్క అతుకు దగ్గర సన్నని బ్లేడు ఆనించాను. పిడి దాకా దిగిపోయింది. జిగురు పొడిపొడిగా రాలింది. ఈ పొడి ఎండకు చెక్క పాడవలేదు, అందుకే ఖంగుమంది. చచ్చింది జిగురు. నా చెవి మన వానలకు అలవాటుపడిన చెవి. తప్పు నాదే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

పెయింటర్ నిచ్చెన మీంచి చూశాడు.

"ఏమైందన్నా?"

"రెక్క ఆగదు. నా సంతకం వాపస్ తీస్కుంటున్న."

"ఇప్పుడు తీస్కుంటె ముగ్గురం ఇంటికే గద. నా బిడ్డ సదువు ఇంక రెండేండ్లున్నది. ఒక్కసారి ఎగిరి దిగుతది, గంతే గదన్నా."

"నువ్వు కూసుంటవా అందుల?"

అతను బ్రష్షు కడగడానికి దిగాడు.

మెకానిక్ బ్లేడు నా చేతిలోంచి తీసుకుని తనే రెండు చోట్ల దించి చూశాడు.

"ఖతం, ఉస్తాద్," అన్నాడు. లాగ్‌బుక్ తనే తెచ్చి నా ముందు పెట్టాడు. పాత సంతకానికి అడ్డగీత గీసి, ఎగరరాదు అని రాసి, కింద కొత్త సంతకం చేశాను. సాయంత్రం నాలుగుంబావు.

కఫీలు కేకలేమీ వెయ్యలేదు. నెలలోపు ముగ్గురికీ మళ్ళీ రావడానికి లేని ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు. హైదరాబాద్‌లో దిగిన రోజు వాన. పెయింటర్ నా సూట్‌కేసు బస్సులోకి ఎక్కించి, తన బస్సు వైపు వెళ్ళిపోయాడు. నేను చేసింది సరైనదే. అయినా అతని ముఖం చూడలేకపోయాను.

ఒక్కటి మాత్రం నన్ను ఇప్పటికీ వదలదు. సంతకం తీసేసిన ఆ సాయంత్రం మెకానిక్ చేతులు కడుక్కుని విమానం ఎక్కాడు. పైలట్ పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. మూసి ఉన్న షెడ్డు తలుపుల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత బెల్టు విప్పి, సీటును గుడ్డతో తుడిచి, దిగాడు.