కోటు కింది ముడి

మొన్న మా తమ్ముడికి పక్షవాతం వచ్చింది. మూడో రోజున కుర్ర డాక్టరొకాయన వాణ్ణి మంచం అంచున కూర్చోబెట్టి, ఆసరా లేకుండా కూర్చోగలడా, కాలు కాస్తయినా కదుపుతాడా అని చూస్తుంటే, నేను మెల్లిగా వెనక్కి వెళ్ళి వాడి నడుం తడిమి చూశాను. డాక్టరు నన్నూ ఒక పేషెంటు కిందే జమకట్టి ఉంటాడు. మా ఇంటి చరిత్ర ఆయనకేం తెలుసు?

మా నాన్న రాయపూర్‌లో గూడ్సుబండి గార్డు. విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వే కాలనీలో కుదురుకున్న మాబోటి వాళ్ళకి దేవుడి తర్వాత భయం ఇన్‌స్పెక్షన్ అంటేనే. దొరగారు వస్తున్నారంటే స్టేషన్లో రాళ్ళకి కూడా సున్నం కొట్టేవాళ్ళు. సున్నం కింద ఏముందో గోకి చూసే అలవాటు దొరలకీ ఉండేది కాదు.

నేను కాలేజీలో చేరిన ఏడు, ఒక పొద్దున్న నాన్న గడ్డం గీసుకుంటూ కూలిపోయారు. కుడి చెయ్యీ కాలూ పడిపోయి, మాట ముద్దయింది. రైల్వే డాక్టరు బెంగాలీ ఆయన. ఆదివారం మళ్ళీ వస్తాననీ, అప్పటికి తనంతట తాను కూర్చోగలిగితే నడిచే ఆశ ఉన్నట్టేననీ, లేకపోతే డ్యూటీకి పనికిరాడని రాయక తప్పదనీ చెప్పి వెళ్ళాడు. అలా రాస్తే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇక మాకు ఆ ఆదివారమే ఇన్‌స్పెక్షన్ రోజైపోయింది.

ఆవేళ అమ్మ నాన్నకి మంగలిచేత గడ్డం గీయించి, చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, తన పాత చీరతో నడుముని కుర్చీ వీపుకి బిగించి కట్టింది. పైన గార్డు కోటు తొడిగి బొత్తాలు పెట్టింది నేను. నా కాలేజీ చదువు ఇంటికి ఉపయోగపడ్డ మొదటి సందర్భం అదే. డాక్టరు ఎదురుగా నిలబడి చూసి, "చలేంగే, తీన్ మహీనే మే జరూర్ చలేంగే" అని చాయ్ తాగి వెళ్ళాడు.

విచిత్రమేమిటంటే, మూడు నెలల్లో తప్పకుండా నడుస్తారన్న ఆ జోస్యాన్ని అందరికన్నా గట్టిగా నమ్మింది అమ్మే. అభన్‌పూర్ నుంచి ఎవరో తెచ్చిన నూనెతో రోజూ కాలు మర్దనా చేసేది, ప్రతి ఆదివారం డ్యూటీ బూట్లకి పాలిష్ పెట్టేది. మూడు నెలలు నిండిన రోజున ఆ బూట్లు తొడిగి, నేనొక పక్కా తనొక పక్కా పట్టుకుని నాన్నని లేపాం. కాలు తడిగుడ్డలా మడత పడి ముగ్గురం నేలమీదకొచ్చాం.

"నడుస్తారని డాక్టరు బాబు సెప్పేడు గదండీ," అంది అమ్మ, డాక్టరుదే తప్పన్నట్టు.

నాన్న చాలాసేపు నాలుక కూడదీసుకున్నారు. "ముడి ఏసింది నువ్వే గదే."

కోపం లేదు ఆ మాటలో. అమ్మ బూట్లు విప్పి, పెట్టెలో పెట్టి మూత వేసింది. క్వార్టరు వదిలి, అదే ఊళ్ళో పండరీ అనే పేటలో అద్దె గదికి మారాం. నాన్న మళ్ళీ నడవలేదు.

తమ్ముడి వెనక ఏ ముడీ లేదు. వాడు నెమ్మదిగా ఒక పక్కకి ఒరిగిపోయాడు. నడవడం కష్టమేనని డాక్టరు అక్కడికక్కడే చెప్పేశాడు. ఇప్పుడు నిజం మూడు రోజుల్లో తెలిసిపోతోంది, మంచిదే. మాకు మాత్రం ఆ రోజుల్లో మూడు నెలలు దొరికాయి. దొంగ నెలలే కావచ్చు గాని, ఆ నెలల్లో మా గుమ్మంలో బూట్లు మెరుస్తూ ఉండేవి.