జపాన్ ప్రయాణం విని బాపు నవ్విన రోజు

నా చిన్నప్పుడు మా వాడకట్టులో మస్కట్ గురించి తెలియని పిల్లలు లేరు, దాన్ని చూసిన పిల్లలూ లేరు. మెట్‌పల్లికి దగ్గర్లో మాది చిన్న ఊరు. ఇంటికొకరన్నట్టు గల్ఫ్‌కు పోయేవారు. సెలవు మీద వచ్చినవాళ్లు సెంటు పూసుకుని అరుగుల మీద కూర్చుని అద్దాల మేడల గురించీ, చప్పుడు లేకుండా జారిపోయే కార్ల గురించీ చెబుతుంటే మేం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. మా నాన్న, మేం బాపు అని పిలిచే ఆయన, కూడా మస్కట్ పోయి మొదటి సెలవుకు వచ్చాడు. ఆయన మాత్రం ఏమీ చెప్పలేదు.

నాకు గౌను తెచ్చాడు, అవ్వకు, అంటే మా అమ్మకు, చీర తెచ్చాడు, మాట మాత్రం తేలేదు. పోకముందు బాపు ఎట్లాంటి మనిషంటే, నాట్లప్పుడు ఆయన ఏ పొలం గట్టు మీద ఉంటే ఆ పొలంలో ఆడవాళ్లు నవ్వలేక నడుములు పట్టుకునేవాళ్లు. అట్లాంటి మనిషి, అక్కడెట్లుంటది బాపూ అని అడిగితే, ఉంటది అని ఒక్క ముక్క అనేసి లేచిపోయేవాడు. అక్కడ ఎవరన్నా కొడుతున్నారేమోనని అవ్వకు అనుమానం. అడిగితే ఇంకా ముడుచుకుపోతాడని భయం. సెలవు అయిపోవస్తోంది. ఆ చెప్పని చోటుకే మళ్లీ పోతాడనీ, మిగిలిన నాలుగు మాటలూ ఈసారి అక్కడే పోగొట్టుకుని వస్తాడనీ నాకు ఒకటే దిగులుగా ఉండేది.

మధ్యాహ్నాలు మా వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. వాళ్లలో పదో తరగతి దాకా చదివింది పక్కింటి అక్క ఒక్కతే. అందుకని ఆమె బీడీలు చుట్టదు, పత్రికలు చదివి వినిపిస్తుంది. ఆమె వంతు కట్టలు మిగతావాళ్లు తలా ఇన్ని చుట్టి ఆమె చాటలో వేస్తారు. అది మా వాడకట్టు రివాజు. ఏడుపు కథ చదివిన రోజు ఆకు తడిసి బీడీ సరిగ్గా రాదని అవ్వ ఎగతాళి చేసేది.

ఆ రోజు అందరూ ఎదురుచూస్తున్న సీరియల్‌ని అక్క పక్కన పెట్టేసింది. బస్టాండు దుకాణంలో దొరికిన ఒక పాత వారపత్రిక తీసింది. బాపు కొంచెం ఎడంగా కూర్చుని మంచానికి నులక అల్లుతున్నాడు. ఎప్పుడూ మెల్లగా చదివే అక్క ఆ రోజు నలుగురికీ కాదు, నలభై మందికి చదువుతున్నట్టు గొంతు పెంచింది.

అది ఎవరో కాలేజీ సారు జపాన్ పోయి వచ్చి రాసుకున్న ముచ్చట. జపాన్ అనే మాట నేను వినడం అదే మొదలు. కాగితంతో గోడలు కట్టుకునే మనుషులున్నారట! తెల్లటి మంచు ఇళ్ల కప్పుల మీద పేరుకుంటే పారలతో ఎత్తిపోస్తారట! నాకు ఒళ్లు ఝల్లుమంది. బీడీల వాసనలో కూర్చుని నేను మంచు చూస్తున్నాను. ఆ సారు బస దగ్గర ముసలమ్మ వంగి దండం పెట్టిందట. మర్యాదకు తక్కువ కాకూడదని ఈయన ఇంకాస్త వంగాడట. ఆమె ఇంకాస్త వంగిందట. ఎవరు ముందు లేవాలో తెలియక ఇద్దరూ అట్లాగే ఉంటే పెట్టిన టీ చల్లారిపోయిందట.

తర్వాత చెప్పుల సంగతి వచ్చింది. ఆ దేశంలో మరుగుదొడ్డికి వేరే చెప్పులుంటాయి, అక్కడ తొడుక్కుని అక్కడే విడవాలి. ఈయన మరిచిపోయి వాటితోనే భోజనాల గదికి వచ్చి పెద్దల నడుమ కూర్చున్నాడు. ఆయన్ను సిగ్గుపరచడం ఇష్టంలేక అందరూ పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయారు. పైకప్పులో ఏదో గొప్ప సంగతి ఉందనుకుని ఈయన కూడా తలెత్తి, అబ్బ ఎంత బాగుందీ అని తెగ మెచ్చుకున్నాడట.

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అవ్వ ఒళ్లోని చాట జారి తంబాకంతా నేల పాలైంది. బాపు చేతిలో నులక ఆగిపోయింది.

"గాయినె కాలేజిల సారేనా?" అన్నాడు.

"అవు కాకా. పిల్లలకు సదువు జెప్పే సారు."

"గంత సదువుకున్నోడు గీ ముచ్చట పేపర్ల ఏపిచ్చుకున్నడా? సిగ్గుగాలేదా ఆయినెకు?"

"సిగ్గుపడి దాసుకుంటె మనమెట్ల నవ్వుదుము కాకా?" అంది అక్క, తల ఎత్తకుండానే.

బాపు తల దించి చేతిలోని నులక కేసి చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని నేను హడలిపోయాను. నవ్వుతున్నాడు! కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, నులక పక్కన పడేసి మా మధ్యకు వచ్చి కూర్చున్నాడు.

"సదువురానోన్ని గాబట్టి నాకే గట్లయిందనుకున్న," అని మొదలుపెట్టాడు.

పోయిన కొత్తల్లో ఆయన్ను ఒక పెద్ద మేడలో ఆఫీసుకు పంపారట. కింద ఒక చిన్న గది తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. లోపల అద్దం, దీపం, కాళ్ల కింద మెత్తటి పరుపు. ఎవరో పెద్ద సాబు గది అనుకున్నాడు. పెద్దవాళ్ల గడప తొక్కేటప్పుడు మనం ఏం చేస్తాం? చెప్పులు బయట విడిచి లోపలికి పోయాడు. తలుపులు మూసుకున్నాయి, గది పైకి లేచింది. అది లిఫ్టని ఆయనకు తెలియదు. చెప్పుల కోసం మళ్లీ కిందికి రాబోతే ఎక్కడో ఆగింది, ఇంకో చోట ఆగింది. అన్ని అంతస్తులూ ఒక్క తీరే. ప్రతి తలుపు దగ్గరా తల బయటపెట్టి చెప్పులున్నాయా అని చూడడం, లేకపోతే మళ్లీ లోపలికి రావడం! చివరికి ఉత్త కాళ్లతో ఆఫీసులో నిలబడితే అందరూ నవ్వారు. పనివాళ్లంతా ఉండే క్యాంపులో చాలా రోజులు అదే నవ్వు. ఆ నవ్వు ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"గా సారు ఇడువాల్సిన కాడ ఇడువలే, నేను ఇడువరాని కాడ ఇడిసిన," అన్నాడు బాపు. వాకిలంతా మళ్లీ గొల్లుమంది. ఈసారి మస్కట్‌లో నవ్విన నవ్వే, కానీ ముల్లు లేదు.

ఆ సాయంత్రం నేను ఆ వారపత్రికను తిప్పి తిప్పి చూశాను. అవే నల్లటి అక్షరాలు, చిరిగిన అట్ట. మా ఊరి పేరు కూడా వినని మనిషి ఎక్కడో దూరదేశంలో తప్పుచేసి, దాచుకోకుండా రాసుకున్నందుకు మా బాపు నోరు తెరుచుకుంది. అంతకంటే పెద్ద వింత నేను ఇప్పటిదాకా చూడలేదు. చాలా ఏళ్ల తర్వాత అక్కను అడిగితే, కావాలనే చదివానని ఒప్పుకుంది. "అడిగితె జెప్పేటోడు గాదు మీ బాపు. ఇంకొగల తప్పు ఇంటె మన తప్పు జెప్పబుద్ధయితది బిడ్డా," అంది.

సెలవు అయిపోయిన రోజు అవ్వ మునుపటిలా ఏడవలేదు. బస్సెక్కుతూ బాపు నా తల నిమిరి, "ఫికర్ జెయ్యకు బిడ్డా, గీసారి జర మంచి మంచి తప్పులు జేసుకొస్త," అన్నాడు. చేసుకొచ్చాడు కూడా. ఏడాదికేడాది మా వాకిట్లో మస్కట్ పెరిగి పెద్దదైంది.

నాకిప్పుడు మనవలున్నారు. కొత్త చోట్లకు పోతూనే ఉంటాను, పెద్ద ఆసుపత్రికో, విమానాశ్రయానికో. నేను తికమకపడి తప్పు చేస్తే నలుగురూ నవ్వుతారు. సిగ్గు వచ్చేలోపే, ఇది ఇంటికి పోయి ఎవరికి చెప్పాలా అని మనసు వెతుక్కుంటుంది. బాపు పోయి చాలా కాలమైంది. అయినా ప్రతిసారీ ముందు గుర్తొచ్చేది ఆయనే.