నా నీళ్ళ గండం, నాయనమ్మ దండెం తాడు

ఆ రోజుల్లో, అంటే నేను శేరిలింగంపల్లిలో ఎనిమిదో తరగతి వెలగబెట్టే కాలంలో, మా గల్లీలో ప్రతి పిల్లకూ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఒకతె మామ పోలీసు, ఇంకొకతె ఇంట్లో ఏసీ. నాకు నీళ్ళ గండం. "దీని జాతకంల నీళ్ళ గండం ఉన్నదంట" అని నాయనమ్మ నా చిన్నప్పుడే అందరికీ చాటింది. నేను ఆ గండాన్ని బాగా వాడుకున్నాను. ట్యాంకర్ వస్తే బిందెలు మోసేది అక్క, దూరంగా నిలబడి సలహాలిచ్చేది నేను. (ఆ మాటెత్తితే అక్క ఇప్పటికీ పళ్ళు కొరుకుతుంది.)

అలాంటి సమయంలో చందానగర్ వైపు మున్సిపాలిటీ స్విమ్మింగ్ పూల్ కథ మొదలైంది. ఎండాకాలం తప్ప మిగతా రోజుల్లో పొద్దున పూట అది ఖాళీగా ఉండేది. మా సర్కారు బడిలో పిల్లలు కిటకిటలాడేవాళ్ళు, ఈతకు చోటు లేదు. మా హెడ్ మేడం, ఆ పూల్ చూసే ఆఫీసరు మాట్లాడుకుని వారానికి రెండు పొద్దులు మాకు ఉచితంగా ఈత నేర్పించేటట్టు ఖాయం చేశారు. నీళ్ళు, కోచ్ వాళ్ళవి. పిల్లలు, పీఈటీ టీచర్ మావి. మగపిల్లలు ఎగబడ్డారు. ఆడపిల్లలను మాత్రం అమ్మలు పంపలేదు. నెలలోపు ఆడపిల్లల బ్యాచ్ నిండకపోతే ఆ టైమ్ వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని ఆఫీసరు తేల్చి చెప్పాడు. నాకేమో ఈత నేర్చుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ ముద్దుగా పెంచుకున్న గండమే నా కాళ్ళకు అడ్డం పడింది.

పీఈటీ టీచర్‌ది కాకినాడ వైపు. పాపం, ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికీ వచ్చింది. "మామ్మగారండీ, గండం ఉన్న పిల్లకే కదండీ ముందు ఈత రావాలి!"

"ఏందమ్మా గట్లంటవ్? గండమున్న పోరిని తీస్కపోయి నీళ్ళల్లనే ముంచుతవా?" అంది నాయనమ్మ.

నేను ఏడ్చాను. అలిగాను. అన్నం మానేశాను (ఒక్క పూటే, అదీ కాకరకాయ కూర వండిన పూట). చివరికి నాయనమ్మ మెత్తబడి, "సరే తియ్, పో. గని నేను గుడ వస్త" అంది.

పిల్లలు తప్ప ఎవరూ పూల్ గట్టెక్కకూడదని అక్కడి రూలు. హెడ్ మేడం ఆఫీసరుకు ఫోన్ చేసింది. ఆయన ముందు కుదరదన్నాడు, తర్వాత నసిగాడు, ఆఖరికి తోడొచ్చిన ఆడవాళ్ళు గట్టు మీద కూర్చోవచ్చన్నాడు. నాయనమ్మ సంచిలో ఏముందో ఆ ఇద్దరికీ తెలిస్తే ఆ ఫోన్ కూడా చేసుకునేవాళ్ళు కాదు. తీరా వెళ్ళాక సంచిలోంచి దండెం తాడు తీసి, ఒక కొస నా నడుముకు కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుంది.

కోచ్ మేడం తల పట్టుకుంది. "ఏందమ్మా ఇది? పిల్లనా, బర్రెనా?"

"బర్రెకు ఈతొస్తది, తాడెందుకు? దీనికి రాదు గాబట్టే కట్టిన."

తాడు విప్పమంటే పిల్లనే తీసుకుపోతానంది నాయనమ్మ. అసలే ఆడపిల్లలు తక్కువ, కోచ్ మేడం నోరు మూసుకుంది. తమ వంతు కోసం బయట నిలబడ్డ మగపిల్లల నవ్వులకు నేను సిగ్గుతో చచ్చిపోయాను. అయితే ముసలామె కాపలా ఉంటోందని తెలిసి ఇద్దరు ముగ్గురు అమ్మలు కూడా తమ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. గట్టు మీద ముచ్చట్లు జోరందుకున్నాయి.

కొన్నాళ్ళకు నాకు తేలడం వచ్చింది, కాళ్ళు ఆడించడం వచ్చింది. ఒక రోజు హుషారెక్కి గోడను తన్ని ముందుకు దూసుకెళ్ళాను. నాయనమ్మ ముచ్చట్లలో మునిగి ఉంది. తాడు బిగుసుకుంది. "వామ్మో!" అని ఒక కేక, వెనకే ధబేల్‌మని చప్పుడు. తిరిగి చూస్తే గట్టు మీద నాయనమ్మ లేదు. గండం నాకనుకుంటే ఆమెకు పట్టిందేమిటి దేవుడా అని నీళ్ళు మింగుతూ, ఏడుస్తూ ఆమె వైపు కాళ్ళాడించుకుంటూ వెళ్ళాను.

నేను చేరేలోపే ఆమె లేచి నిలబడింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి, అంతే. ముఖం తుడుచుకుని, అటూ ఇటూ చూసి, "గింతేనా లోతు?" అంది. "గీ నడుంలోతుకా నేను గిన్నొద్దులు పరేషానైంది!"

పూల్ దగ్గరున్న వాళ్ళంతా గొల్లున నవ్వారు. నేనైతే ఆమెను వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నా వీపు నిమురుతూనే నాయనమ్మ నా నడుముకున్న ముడి విప్పేసింది. ఈ సంగతి సాయంత్రానికల్లా బస్తీలన్నీ తిరిగొచ్చింది. నడుంలోతే కదా అని అమ్మలు ధైర్యం చేశారు, మా బ్యాచ్ నిండింది, మా టైమ్ మాకే మిగిలింది. హెడ్ మేడం అదే ఊపులో అమ్మలకు కూడా వారానికో గంట కావాలని అడిగితే, ఆఫీసరు ఈసారి నసగకుండానే ఇచ్చాడు.

ఆ రోజు ఆటోలో ఇంటికి వస్తూ అడిగాను. "నాయనమ్మా, నా గండం పోయినట్టేనా?"

"ఏం గండమే? ఏ పంతులూ చెప్పలే. చిన్నప్పుడు నువ్వు సందు దొరికితే నీళ్ళ సంపు కాడికి పాక్కుంట పోతుంటివి. మీ అమ్మ పనికి పోతుండె. అందరు నీ మీద ఓ కన్నేసి ఉంచుతరని నేనే చెప్పిన."

"మరి అబద్ధమని ఎరుకుండి తాడెందుకు కట్టినవ్?"

"గండం అబద్ధమే బిడ్డా. భయం అబద్ధం గాదు గద."

మనసు తేలికైంది గానీ, ఇక నేనూ అందరిలాంటి పిల్లనే అని దారంతా మూతి ముడుచుకుని కూర్చున్నాను. తడి చీరలో వణుకుతూ కూడా ఆమె నన్నే పొదివి పట్టుకుంది. హైటెక్ సిటీలో ఇప్పుడు మా ఆఫీసు బిల్డింగ్‌లోనే పూల్ ఉంది. సాయంత్రాలు దిగి, లోతు వైపు హాయిగా ఈదుతాను. ఊపిరి తీసుకోవడానికి తల పైకెత్తినప్పుడల్లా ఆ మూతి ముడుచుకున్న పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. గట్టు మీద నా కోసం భయపడుతూ కూర్చునే మనిషి మాత్రం ఇప్పుడు లేదు.