బాషా తాతకు ఎవరూ లేరంట

ఈ సంగతి రేపటిదాకా దాచుకోవడం నా వల్ల కాదు.

పొద్దున అమ్మను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మా ముందు బాషా తాత కూర్చుని ఉన్నాడు. నేను రోజూ లైబ్రరీకి వెళ్ళే దారిలో, అనంతపురం బస్టాండు బయట షాపుల అరుగుల మీద పడుకునే వాళ్ళలో ఆయనొకరు. రేపు ఆయనకు శుక్లం ఆపరేషన్. ఇప్పటికే మనుషుల్ని గొంతుతో గుర్తుపడుతున్నాడు.

“తోడు మనిషి లేకుంటే ఆపరేషన్ చెయ్యరు తాతా. కంట్లో చుక్కలేసేదెవరు?” అంది నర్సు.

“నాకెవరూ లేరమ్మా” అంటూ ఆయన కర్ర తీసుకుని లేచాడు.

నలుగురిలో నాకు మాట పెగలదు. ఏదో ఒకటి అందామని లేచేలోపే తలుపు దగ్గర కేక వినిపించింది. ఆ అరుగుల మీదే ఉండే నాగమ్మ.

“ఎవరూ లేరంటావేమప్పా, నేను చచ్చినానా? సిస్టరూ, నా పేరు నాగమ్మ, ఈయప్పకు అక్కను.”

“నువ్వు నాగమ్మ, ఆయన బాషా. అక్కవెట్లయితావు?”

“జరమొస్తే గంజి తెచ్చి తాపింది నేనే. అక్కను గాకుంటే ఇంకేమైతా?”

ఆమె వెనకే ఇంకో ముగ్గురొచ్చారు. ఒకాయన అల్లుడంట, ఒకాయన బావమరిదంట, మూడో ఆయనకు వరస దొరక్క ఊరికే తలూపాడు. పగలెవరు, రాత్రెవరు అని అక్కడే వంతులేసుకున్నారు. “ఒక్కరే ఉండాల” అంటూ నర్సు నవ్వాపుకుని మిగతావాళ్ళను బయటికి పంపింది. తాత మళ్ళీ కూర్చున్నాడు. ఆపరేషన్ ఖాయమైంది.

అప్పటి నుంచి నాకు ఒక చోట కూర్చోబుద్ధి కావడం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో నా పేరు తెలిసినవాళ్ళు వాచ్‌మన్‌తో కలిపి ఇద్దరు. మీ కోసం ఇట్లా వరస కలుపుకుని కొట్లాడేవాళ్ళు ఎవరున్నారో చెప్పండి, కాస్త అసూయపడతాను.