బాపు లెన్సుకు మోతిబిందు

ఎల్లారెడ్డిలో బాపు ఫొటో స్టూడియో మూతపడి చాలా కాలమైంది. చీకటిగదిలో ఫొటోలు పెద్దవి చేసే యంత్రం పాత ఇనుప సామాన్ల బండెక్కింది గానీ, దాని లెన్సును మాత్రం బాపు మఫ్లర్‌లో చుట్టి బీరువాలో దాచుకున్నాడు. నన్ను ఎన్నడైనా అంత భద్రంగా ఎత్తుకున్నాడో లేదో నాకైతే గుర్తులేదు.

బాపు కళ్లలో మోతిబిందు ముదిరిందని, ఆ పొర తీయించకపోతే చూపే దక్కదని కామారెడ్డి కంటి డాక్టర్ చెప్పాడు. సూది పేరెత్తితే పక్క వీధికి పోయే మనిషి ఆపరేషన్‌కు ఒప్పుకుంటాడా! ఆ లెన్సు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ముందుగాల దీని మోతిబిందు తియ్యి బిడ్డా. ఇది సాఫ్ అయినంక నా సంగతి చూద్దాం."

నిజంగానే అద్దం లోపల తెల్లగా బూజు పాకింది. ముందరి రింగు ఊడదీయడానికే ఒక పూట పట్టింది. "అరే, మెల్లగ! అది బోరింగ్ పంపు అనుకున్నవా?" అంటూ బాపు పక్కనే కూర్చుని నా ప్రాణం తీశాడు. స్పిరిట్‌తో తుడిచి, అద్దాలను తీసిన వరుసలోనే బిగించాను. ఒకదానిలో ఒకటి జారే రెండు ప్లాస్టిక్ పైపు ముక్కలకు నల్ల టేపు చుట్టి, సాఫ్ అయిందో లేదో చూద్దామని లెన్సును వాటితో నా డిజిటల్ కెమెరాకు తగిలించాను.

మొదటి ఫొటో అమ్మదే.

"గడ్డం జర కిందికి. నవ్వకు," బాపు హుకుం.

"నిన్ను చూస్తె నవ్వు ఆగుతదా అయ్యా?" అంది అమ్మ.

కంప్యూటర్‌లో పెద్దది చేసి చూపించాను. బాపు తెరకు ముక్కు ఆనించినంత పని చేసి, పెదవి విరిచాడు.

"ఇంక మబ్బు మబ్బుగనే ఉన్నది. మళ్ల ఇప్పు."

విప్పాను, తుడిచాను, మళ్లీ తీశాను. మళ్లీ మబ్బే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆపరేషన్ తప్పించుకోవడానికే ఈ వంకలన్నీ అని అరిచేశాను.

అమ్మ వచ్చి తెర చూసింది. "గింత సాఫుంటె మబ్బంటవేంది? నా కమ్మల రాళ్లు గూడ ఒక్కొక్కటి కనవడ్తున్నయి."

బాపు తెర వదిలి అమ్మ చెవి వైపు చూశాడు. దగ్గరికి జరిగి మళ్లీ చూశాడు.

"రాళ్ల కమ్మలా? ఎప్పుడు చేయించినవే?"

"పోయిన దసరా సంది ఇవే పెట్టుకుంటున్న," అంది అమ్మ మెల్లగా.

అరిచినందుకు నాకు సిగ్గేసింది. బాపు నా వైపు తిరిగాడు.

"పొద్దుగాల కామారెడ్డి బస్సు ఎన్నింటికున్నది బిడ్డా?"